ఇరవై ఏడో సీటు

నెల్లిమర్ల,
ఏప్రిల్ 9.

జ్ఞానం బావకి,

నరసింగరావు రాసేది. ఇక్కడ అందరం క్షేమం. నువ్వూ, అమ్మాయి షీబా క్షేమమని తలుస్తాను. మొన్న ఫోన్లో పావుగంట సేపు ఇద్దరం ఒకరినొకరు "ఆ?" "ఆ?" అనుకుని పెట్టేశాం. మనిద్దరికీ కలిపి పనిచేసే చెవి ఒక్కటే ఉంది. అది నా కుడి చెవి, అది కూడా సగమే. అందుకని మనకి పోస్టు డబ్బాయే దిక్కు.

అసలు సంగతికొస్తాను. డిసెంబరులో అన్నాను కదా, మా అల్లుడు ధర్మేంద్ర బస్సు మాట్లాడేశాడు. నెల్లిమర్లలో ఎక్కితే హిమాచల్ ప్రదేశ్ వెళ్లి మళ్లీ నెల్లిమర్లలో దిగడమే. ఇరవై నాలుగు రోజులు. కొండలు, కోటలు, నదులు, మంచు. 'హిమగిరి దర్శన యాత్ర' అని బస్సుకి బ్యానరు కూడా కుట్టించాడు. అందులో కొండ కన్నా వాడి ఫొటో పెద్దది.

జూట్ మిల్లులో మనం పనిచేసిన మగ్గాల షెడ్డులో స్తంభానికి వేలాడిన క్యాలెండరు గుర్తుందా? మంచు కొండ, దాని కింద చెక్క ఇల్లు. ఏడాది మారినా, ఆ తరవాత పదేళ్లు మారినా నువ్వు దాన్ని తీయనివ్వలేదు. రిటైరయ్యాక ఇద్దరం వెళ్లి ఆ ఇంటి అరుగు మీద కూర్చోవాలని సైగలు చేసేవాడివి. మగ్గాల హోరులో నోటితో చెప్పే వీలెక్కడ?

అందుకే అల్లుడి దగ్గర మొట్టమొదట నీ పేరే చెప్పాను. ఏం లాభం? బస్సులో ముప్పై ఆరు సీట్లుంటే ముప్పై ఆరూ నిండిపోయాయట. "ఒక్క సీటు కూడా లేదు మావయ్యా, ఏటి సేస్తాం" అన్నాడు. నాకు చాలా కష్టంగా ఉంది. వచ్చే ఏడు మనిద్దరం తప్పకుండా వెళ్దాం.

నీ బావ,
నరసింగరావు.


కళింగపట్నం,
ఏప్రిల్ 17.

నరసింగం బావకి ప్రభువు నామంలో వందనాలు.

ఉత్తరం అందింది. సీటు లేకపోతే నువ్వు మాత్రం ఏం చేస్తావు? అల్లుణ్ణి ఏమీ అనకు. నేను నీ ఒళ్లో కూర్చుని వస్తాననడానికి నీకు మోకాళ్ల నొప్పులు.

కాకపోతే చిన్న చిక్కు వచ్చింది. పోయిన డిసెంబరులో నువ్వు ఈ మాట అనగానే నేను శ్రీకాకుళం వెళ్లి మంకీ క్యాప్ కొనేశాను. ఎర్రది. కొండలెక్కడానికి ఊపిరి చాలాలని జనవరి నుంచి రోజూ పొద్దున ఇసుకలో లైటుహౌసు దాకా నడుస్తున్నాను. షీబా తన బడిలో టీచర్లందరికీ చెప్పేసింది. ఇప్పుడు దారిలో కనిపించిన ప్రతివాడూ ప్రయాణం ఎప్పుడని అడుగుతున్నాడు. నాకు వినబడనట్టు వెళ్లిపోతున్నాను. ఈ చెవుడు ఇన్నాళ్లకి పనికొచ్చింది.

ఆ టోపీని నీకు పార్సిల్ చేస్తున్నాను. సముద్రం ఒడ్డున మే నెలలో అది పెట్టుకుంటే నన్ను పట్టుకెళ్లిపోతారు. నా తల రాకపోయినా నా టోపీ వచ్చిందనుకో.

ఒక్క పని చేసిపెట్టు. మంచు పడేటప్పుడు చప్పుడవుతుందా? అవదని షీబా అంటుంది. అదే నిజమైతే అక్కడ అందరి చెవులూ మన చెవుల్లాంటివే కదా. నువ్వు కళ్లారా చూసి రాయి. నువ్వు రాస్తే నేను చూసినట్టే.

నీ బావ,
జ్ఞానానందం.


సిమ్లా,
మే 6.

జ్ఞానం బావకి,

మేము బయల్దేరి తొమ్మిది రోజులైంది. ఇప్పటిదాకా చూసినవి రాయమంటే కాసేపు ఆలోచించాలి. తిన్నవి మాత్రం గుక్క తిప్పుకోకుండా రాయగలను.

ఈ బస్సుకి డ్రైవరు పేరుకే ఉన్నాడు. నడిపేది వంట లక్ష్ముడు. వాడితోపాటు రెండు గ్యాసు పొయ్యిలు, ఆరు డబ్బాల పచ్చళ్లు, ఇడ్లీ పాత్రలు, చింతపండు, ఒక గ్రైండరు ఎక్కాయి. దారిలో ఎక్కడైనా నీడా, నీళ్లూ కనిపిస్తే లక్ష్ముడు చెయ్యి ఊపుతాడు, బస్సు ఆగుతుంది, ముప్పై ఐదుగురం దిగి రోడ్డు పక్క వంకాయలు తరుగుతాం. తాజ్‌మహల్ దగ్గర మాకు నలభై నిమిషాలు ఇచ్చారు. పప్పు చల్లారిపోతుందని ఇరవై నిమిషాలకే ఈల వేశారు. మా అక్క లక్ష్మణమ్మప్ప అయితే దిగనే లేదు. కిటికీలోంచి చూసి, తెల్లగా బాగుందని ఒప్పుకుంది.

సిమ్లా దారిలో మొదటి కొండ మలుపు తిరగ్గానే ప్రాణం లేచొచ్చింది బావా. దేవదారు చెట్లు, లోయలు, మబ్బులు మన కాళ్ల కింద. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. లక్ష్మణమ్మప్ప మాత్రం "ఇన్ని కొండలేటికిరా, ఒకటి సాలదా" అంది. ఆ తరవాత బస్సంతా ఒకే చర్చ. ఈ కొండ రామతీర్థం కొండలా ఉందా, లేకపోతే సాలూరు ఘాటులా ఉందా అని. చివరికి చేతులెత్తించి ఓట్లు లెక్కపెట్టారు. రామతీర్థం గెలిచింది.

లాడ్జిలో నిన్న గ్రైండరు పెట్టగానే ఫ్యూజు పోయింది. మూడంతస్తుల్లోనూ కరెంటు లేదు. కొత్తగా పెళ్లయిన ఢిల్లీ జంటలు స్నానాల గదుల్లోంచి సబ్బు నురగతో బయటికొచ్చాయి. లాడ్జి యజమాని హిందీలో ఏదేదో తిట్టాడు. మాకెవరికీ అర్థం కాలేదు కాబట్టి అతనికి నాలుగు ఇడ్లీలు పెట్టాం. తిని ఊరుకున్నాడు.

నీ టోపీ ఇక్కడ ఎంత ఉపయోగపడుతోందో మాటల్లో చెప్పలేను. ఆ సంగతి వచ్చే ఉత్తరంలో రాస్తాను. ఈల వేస్తున్నారు, ఉప్మా తయారైనట్టుంది.

నీ బావ,
నరసింగరావు.


మనాలి,
మే 13.

జ్ఞానం బావకి,

చాలా చూశాను, వరసగా రాస్తాను.

నగ్గర్ అనే ఊళ్లో రాజుల పాత కోట ఉంది. ఒక వరస రాయి, ఒక వరస చెక్క. సున్నం లేకుండా పేర్చుకుంటూ పోయారు. భూకంపం వచ్చినా నిలబడిందని గైడు చెప్పాడు. ధర్మేంద్ర దాన్ని పైనుంచి కింద దాకా చూసి, మన విజయనగరం కోట గుమ్మమంత లేదన్నాడు. గైడు విజయనగరం ఎక్కడని అడిగితే మావాడు అరగంట చెప్పాడు. పాపం, ఆ గైడు మనకి డబ్బులు ఎదురిచ్చి పారిపోయేలా కనిపించాడు.

ఇక్కడ మనాలిలోనే హిడింబి గుడి ఉంది. అందరూ భక్తిగా దండం పెట్టారు, లక్ష్మణమ్మప్ప పసుపు కుంకుమ ఇచ్చింది. ధర్మేంద్ర పారాగ్లైడింగ్ దగ్గర గొడుగు బట్టలన్నీ కట్టించుకుని, ఫొటో తీయించుకుని, ఎగరకుండానే విప్పేశాడు. ఆ ఫొటో ఇప్పటికి నెల్లిమర్ల అంతా చూసి ఉంటుంది. బియాస్ నదిలో రబ్బరు పడవలెక్కుదామని మా అమ్మాయి సుహాసిని సరదాపడితే, అన్నం అరగదని ఆపేశారు.

అన్నమంటే గుర్తొచ్చింది. అసలు ఇక్కడ అన్నం ఉడకదు! ఎత్తు ప్రదేశమట, నీళ్లు మరుగుతాయి గానీ మెతుకు మాత్రం రాయిలా ఉంటుంది. లక్ష్ముడు గ్యాసుని తిట్టాడు, బియ్యాన్ని తిట్టాడు, చివరికి హిమాచల్‌ని తిట్టాడు. దానికి తోడు ఇడ్లీ పిండి పులవలేదు. బస్సులో సంతాపం పాటించినట్టు కూర్చున్నాం. అప్పుడు వాడికి బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. పిండిని గ్రైండరులోనే ఉంచి, నీ ఎర్ర టోపీని సాగదీసి దాని మూతకి తొడిగాడు. బయల్దేరినప్పటి నుంచి గ్రైండరుది ఇరవై ఏడో సీటే. కిటికీ పక్క కావడంతో ఎండ బాగా తగులుతుంది. నెల్లిమర్లలోనే దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, పడిపోకుండా తువ్వాలుతో కట్టి కూర్చోబెట్టాం. ఇప్పుడు టోపీ కూడా పెట్టుకునేసరికి అచ్చం కొండలు చూడడానికొచ్చిన పెద్దమనిషిలా ఉంది. దారిన పోయే టూరిస్టులు దానికి చెయ్యి ఊపుతున్నారు. మర్నాడు పిండి పొంగింది. నీ పేరు చెప్పుకుని ఇడ్లీలు తిన్నాం.

ఇక మంచు. మా బస్సు అంత పైకి వెళ్లదు, జీపుల్లో తీసుకెళ్లారు. పన్నెండున్నరకి భోజనాలని చెప్పి పదిహేడు నిమిషాలు ఇచ్చారు. అందరూ ముద్దలు చేసి విసురుకుంటూ అరుస్తున్నారు. నేను కాస్త దూరం వెళ్లి నిలబడ్డాను. సన్నగా పడడం మొదలైంది. నువ్వు అడిగావు కదా, చెప్తున్నాను. చప్పుడు లేదు బావా. నిజంగానే లేదు. భుజం మీద పడుతున్నది కనిపిస్తుంది గానీ వినిపించదు. నా చెయ్యి దానంతటదే లేచి, మన షెడ్డులో 'మగ్గం ఆపు, ఇటు చూడు' అని చేసుకునే సైగ చేసింది. చుట్టూ అంతమంది ఉన్నారు, ఒక్కడికీ అర్థం కాలేదు. నువ్వు లేవని అప్పుడు ఏడుపొచ్చింది.

నీ బావ,
నరసింగరావు.


కళింగపట్నం,
మే 25.

గౌరవనీయులైన శ్రీ నరసింగరావు గారికి నమస్కారాలు.

తమరు మనాలి నుంచి రాసిన ఉత్తరం అందింది. తమరు ఈపాటికి తిరిగొచ్చి ఉంటారని నెల్లిమర్లకే పంపుతున్నాను. గ్రైండరు గారు సుఖంగా ప్రయాణం చేసినందుకు సంతోషం. కిటికీ పక్క సీటు దొరకడం అందరికీ రాసిపెట్టి ఉండదు.

దాని మీద నాకు కోపం లేదు. అది నాకన్నా అన్ని విధాలా తగినదే. దానికి కూడా చెవులు వినబడవు. మోకాళ్ల నొప్పులు లేవు. బొట్టు పెట్టించుకుంటుంది. దాని చేతి తిండి మీవాళ్లందరూ తింటారు. నేను ఎక్కి ఉంటే ఈ చివరి రెండింటి దగ్గరే చిక్కొచ్చేదని ఇప్పుడు తెలిసింది.

ముప్పై ఒక్క సంవత్సరాలు తమరు నా క్యారేజీలో చేపల పులుసు తిన్నారు. నేను తమరి క్యారేజీలో ముద్దపప్పు తిన్నాను. మగ్గాల మధ్య కూర్చుంటే ఎవరూ చూడరు కాబట్టి తిన్నారా అని నన్ను నేను అడుక్కుంటున్నాను. మావాళ్లు ఒప్పుకోలేదని తమరు ఒక్క ముక్క రాసి ఉంటే బాధపడి ఊరుకునేవాణ్ణి. సీట్లు లేవని రాశారు. నేను నమ్మి, అల్లుణ్ణి ఏమీ అనవద్దని బుద్ధి కూడా చెప్పాను. ఇప్పుడు బాధ కన్నా అలా నమ్మినందుకే సిగ్గుగా ఉంది.

టోపీ తిరిగి పంపనవసరం లేదు.

ఇట్లు,
ఎస్. జ్ఞానానందం.


నెల్లిమర్ల,
జూన్ 3.

జ్ఞానం బావకి,

నువ్వు 'తమరు' అని రాస్తే మిల్లు నోటీసు చదివినట్టుంది. నువ్వు పొరపాటు పడ్డావు. ఆ ఇరవై ఏడో సీటు స్ప్రింగు విరిగిపోయింది. మనిషి కూర్చోవడానికి పనికిరాదు. అందుకే గ్రైండరు పెట్టారు. పైగా ఆ సీటు మన నారాయణమూర్తి గారి పేరున ఉంది. ఆయన ఆఖరి నిమిషంలో కంటి ఆపరేషనని ఆగిపోయాడు. లేకపోతే ఖాళీ ఎక్కడిది? అయినా గ్రైండరు ఎక్కువ భాగం నడవాలోనే ఉంది. నేనేదో సరదాకి సీట్లో అని రాశాను.

కోపం తీసేసి వెంటనే జవాబు రాయి.

నీ బావ,
నరసింగరావు.


నెల్లిమర్ల,
జూన్ 30.

జ్ఞానానికి,

బావ అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇరవై ఏడు రోజులైనా నీ దగ్గర్నుంచి జవాబు లేదు. పోస్టుమేన్‌ని వీధి మొదట్లోనే పట్టుకుంటున్నాను. నిన్న అతనే నన్ను చూసి పక్క సందులోంచి వెళ్లిపోయాడు. ఆ కిందటి ఉత్తరం నకలు నా దగ్గర లేకపోయినా, రాసిందంతా గుర్తుంది. స్ప్రింగు విరిగిన సీటు, ఆపరేషన్ చేయించుకున్న నారాయణమూర్తి, నడవాలో గ్రైండరు. మూడూ ఒకే ఉత్తరంలో పెట్టాను. అబద్ధం చెప్పడం కూడా సరిగా చేతకాని వెధవని.

జరిగింది ఇది. మార్చిలో మా ఇంట్లో అందరూ కూర్చుని సీట్ల పటం గీశారు. నీ పేరు చెప్పాను. లక్ష్మణమ్మప్ప "ఆ కిరస్తానపోడు మన పంక్తిలో కూకుంటే నాను బస్సెక్కను" అంది. ఇంకా నలుగురు ఆవిడ వైపు చేరారు. అప్పుడు ధర్మేంద్ర నాతో, "సీట్లు లేవని సెప్పేద్దాం మావయ్యా, ఆయనకి బాదుండదు" అన్నాడు. నేను తలాడించాను. నా కూతురు చూస్తోంది, అల్లుడి ముందు గొడవెందుకని ఊరుకున్నాను. నీతో ముప్పై ఒక్క ఏళ్లు ఒకే షెడ్డులో పనిచేశాను. మా అల్లుడు తెలిసి ఆరేళ్లే. అయినా వాడికే భయపడ్డాను. గ్రైండరు గురించి రాస్తూ, నవ్వుకుంటూ కవరు అంటించాను. నీ సీటు గురించే రాస్తున్నానని నాకు తోచలేదు చూడు, అంతకన్నా సిగ్గు ఇంకోటి లేదు.

మొన్న ఆదివారం మా ఇంట్లో యాత్రా సమారాధన పెట్టారు. తిరుగు దారిలో హరిద్వారంలో మునిగాం కాబట్టి ఊళ్లోవాళ్లకి అన్నం పెట్టాలి కదా. పంక్తులు వేశారు. లక్ష్ముడు వడ్డిస్తున్నాడు. నేను నా పక్కన ఇంకో ఆకు వేసి, దాని ముందు నీ టోపీ పెట్టాను. పిండి మరకలు మూడుసార్లు ఉతికినా పోలేదు. లక్ష్మణమ్మప్ప చూసి "ఎవులికిరా ఆ ఆకు?" అని అడిగింది. ఇరవై ఏడో సీటుకని చెప్పాను. మార్చిలో జరిగిందంతా గట్టిగా చెప్పాను. చెవిటివాణ్ణి కదా, నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు. మూడో వీధి దాకా వినబడిందట.

పంక్తిలోంచి ఇద్దరు లేచి వెళ్లిపోయారు. ధర్మేంద్ర లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. సుహాసిని మాత్రం వచ్చి ఆ ఆకులో తనే నెయ్యి వేసింది. అక్క నాలుగు రోజుల నుంచి నాతో మాట్లాడడం లేదు. మాట్లాడినా నాకు పెద్దగా తేడా తెలియదు.

ఇది నీకు సీటు ఇచ్చినట్టు కాదు. ఆ పదిహేడు నిమిషాల మంచు నీకు తెచ్చిపెట్టలేను. నువ్వు జవాబు రాయకపోయినా న్యాయమే. కానీ పోస్టుమేన్ కోసం మాత్రం రోజూ నిలబడతాను.

నరసింగరావు.


కళింగపట్నం,
జూలై 15.

ఒరే బావా,

నీ ఉత్తరం చదివి షీబా ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు చేపలు ఎండబెట్టే పని ఉంది.

మీవాళ్లే ఇలాంటివాళ్లు, మావాళ్లు అమాయకులు అనుకుంటావేమోనని మా సంగతి కూడా రాస్తున్నాను. మా చర్చి పెద్దవాళ్లందరూ వచ్చే జనవరిలో ఒడిశాలో దారింగబాడి కొండలకి వెళ్తున్నారు. అక్కడ మంచు కురవదు గానీ తెల్లారేసరికి గడ్డి మీద తెల్లగా పేరుకుంటుందట. ముప్పై సీట్ల బస్సు. మా పాస్టరు ఎజ్రా కుర్రాడే, మంచివాడే. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక పేర్లు రాస్తుంటే నేను నీ పేరు చెప్పాను. విశ్వాసులకి మాత్రమే సీటు అన్నాడు. బస్సు కూడా నిండిపోయిందన్నాడు.

నిండిపోయిందన్న మాట వినగానే నాకు ఎక్కడో తగిలింది. జాబితా ఇమ్మని అడిగి తీసుకుని, కళ్లద్దాలు పెట్టుకుని లెక్కపెట్టాను. మనుషులు ఇరవై ఎనిమిది మంది. ఒక సీటు మీద 'సౌండు బాక్సు' అని రాసి ఉంది. దాని పక్క సీటు దాని వైర్లకి. కొండ మీద స్తుతి పాటలు గట్టిగా వినబడాలట. అందరి ముందూ అడిగాను.

"పాస్టరుగారూ, మరి ఈ పెట్టి బాప్తిస్మం ఎప్పుడు తీసుకున్నాది?"

మొదట మా వెంకటలక్ష్మమ్మ నవ్వింది. ఆవిడకి ఎనభై రెండేళ్లు, ఆవిడ నవ్వితే చర్చిలో ఎవరూ ఆగరు. ఎజ్రా ముఖం కందిపోయింది. నేను ఊరుకోలేదు. నాకెలాగూ వినబడదు, నాకోసం ఆ పెట్టె అక్కర్లేదన్నాను. అది మా బావ సీట్లో కూర్చుని కొండలు చూస్తే నేను ఒప్పుకోనని కూడా అన్నాను. పదిమంది కలగజేసుకున్నారు. ఈ ఏడు నోటితోనే పాడుకుంటారట. నీ పేరు రాశారు. నీ పేరు పక్కన మతం అని ఒక గడి ఉంటే నేను 'జూట్' అని రాశాను. ఎజ్రా చూసి కొట్టేయలేదు.

నువ్వు రాసిన అబద్ధాన్ని నేను మరిచిపోయాననుకోకు. ఆ ఏప్రిల్ ఉత్తరం ఇంకా నా దగ్గరే ఉంది. నువ్వు తలాడించిన సంగతి గుర్తొస్తే ఇప్పటికీ అన్నం దిగదు. దాని గురించి నీతో చాలా మాట్లాడాలి, ఉత్తరాల్లో రాస్తే బలం చాలడం లేదు. దారింగబాడి పోవడానికి ఏడు గంటలు, రావడానికి ఏడు గంటలు పడుతుందట. ఆ పధ్నాలుగు గంటలూ నిన్ను తిట్టడానికి కేటాయించాను. అందుకే కుడి వైపు వరసలో రెండు సీట్లు చూసి పట్టుకున్నాను. నువ్వు నడవా వైపు కూర్చుంటే నీకు వినబడే కుడి చెవి నా వైపు ఉంటుంది.

టోపీ తీసుకురా, మరకలతోనే పెట్టుకుంటాను. పప్పు క్యారేజీ తీసుకురా. చేపల పులుసు నేను తెస్తాను. ఈసారి అందరి ముందూ తినాలి.

కిటికీ పక్క సీటు మాత్రం నాది.

నీ బావ,
జ్ఞానానందం.